మిద్దె మీది తోటయు, పొగాకు విషమును

హైదరాబాదు పాతనగరములో వేసవి సాయంకాలము ఇంటిలోపల ఎవరును నిలువరు. పగలంతయు ఎండను త్రాగిన గోడలు రాత్రి పది గంటల వరకు ఆ వేడిని వెలిగ్రక్కుచునే యుండును. కావున దీపాలు పెట్టు వేళకు పిల్లలు, పెద్దలు చాపలతోను, నీళ్ల కూజాలతోను మిద్దె యెక్కుదురు. చార్మినారుకు దక్షిణముగా నున్న మా వీధిలో ఆ వేళ ఒక మిద్దె నుండి మరియొక మిద్దెకు మాటలు సాగుచుండును. మేము నలుగురైదుగురము ఇరుగుపొరుగువారము కొన్నేండ్లుగా ఇట్లు చేరుచున్నాము. మాటలు ఎక్కడ మొదలైనను రెండు విషయముల చుట్టునే తిరుగును. ఒకటి కుండీలలోని కూరగాయలు. రెండవది చెడిపోయిన యంత్రములను విప్పి బాగుచేయుట.

మిద్దెతోట ఈ నగరమునకు కొత్త విద్య కాదు. 17వ శతాబ్దములో గోల్కొండ రాజ్యమును చూచిన తావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు ఇక్కడి రాజభవనపు మిద్దెలపై తోటలుండెనని వ్రాసెను. అందలి వృక్షములు మిక్కిలి పెద్దవై యుండుట చూచి, క్రింది కమానులు ఆ బరువును ఎట్లు మోయుచున్నవో యని ఆయన ఆశ్చర్యపడెను. మన ఇండ్లకు అట్టి కమానులు లేవు. తడిసిన మట్టి బరువు మనము అనుకొనుదానికంటె ఎక్కువ. కనుక పెద్ద తొట్లను మిద్దె నడుమ గాక, గోడల వెంబడి ఉంచుట క్షేమము. ఈ ఒక్క జాగ్రత్త పాటించినచో పాత బకెట్లు, రంగు డబ్బాలు, పగిలిన కుండలు కూడ పొలములగును. మా మిద్దెపై వంగ, టమాట, మిరప, బెండ పండుచున్నవి. పుదీన, కొత్తిమీర, తోటకూర ఏడాది పొడుగునను దొరకుచున్నవి. బఘారా బైంగనుకు కావలసిన లేత వంకాయలకై మీర్ ఆలం మండీకి పోవలసిన పని తగ్గినది.

తోట యున్నచోట పురుగు కూడ ఉండును. ఒక సంవత్సరము మాఘమాసములో మా వంగ మొక్కలకు పేనుబంక పట్టినది. లేత కొమ్మలన్నియు జిగటగా మారి, ఆకులు ముడుచుకొనెను. పొగాకు కషాయము చల్లినచో పోవునని ఎవరో చెప్పిరి. మేము పొగాకు కాడలను నీళ్లలో నానబెట్టి, సబ్బు కలిపి, చేతిపంపులో పోసి చల్లితిమి. పంపు మూతి కారుచుండెను. చల్లుచున్న మాలో ఒకరి చేతులు, చొక్కా ఆ నీటితో తడిసినవి. ఎవరును దానిని లెక్కచేయలేదు. ఒక గంట గడచుసరికి ఆయనకు తల తిరిగి, చెమట పట్టి, వాంతులు మొదలైనవి. ఎండదెబ్బ యని తలంచి మజ్జిగ త్రాగించితిమి. వైద్యుడు వచ్చి, తడి చొక్కాను చూచి, వాసన పట్టి, ముందు దానిని విప్పి ఒంటిని సబ్బుతో కడుగుడని చెప్పెను. మరునాటికి గాని మా మిత్రుడు కోలుకొనలేదు. పొలములలో తడి పొగాకు ఆకు కోయు కూలీలకు ఇట్టి జబ్బే కలుగుననియు, విషము నోటి ద్వారముననే కాక చర్మము ద్వారమున కూడ ఒంటిలోనికి దిగుననియు మేము ఆనాడు తెలిసికొంటిమి.

ఈ సంగతి ఆ రాత్రి మిద్దెపై చర్చకు వచ్చినది. మాలో రేడియోలు, పంకాలు బాగుచేయుటలో నేర్పరియైన మిత్రుడొకరు కలరు. అప్పటికాయన సిగరెట్టు మాని విద్యుత్ సిగరెట్టు పట్టియుండిరి. ఆంగ్లమున దానిని ‘వేప్’ అందురు. దాని లోపలి తీగను తానే చుట్టుకొనుట, బ్యాటరీని తానే మార్చుకొనుట ఆయనకొక సరదా. “నా పరికరములో పొగాకు లేదు, పొగయు లేదు. ఉన్నది ఆవిరి మాత్రమే. అందులో ఉన్న నికోటిన్ కొంచెమే” అని ఆయన అనిరి. ప్రక్కింటి అవ్వ ఒత్తులు చేసికొనుచు వినుచుండెను. ఆమె తల యెత్తి, “బిడ్డా, పురుగును సంపే మందు మనిషికి ఎట్ల మంచిదైతది?” అని అడిగినది. ఆ ప్రశ్నకు ఆ రాత్రి ఎవరును సరియైన బదులు చెప్పలేకపోయితిమి. పిమ్మట చదివి, అడిగి తెలిసికొన్న సంగతులను ఇక్కడ వివరించుచున్నాము.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండము నుండి పోర్చుగీసు వర్తకులు దానిని తెచ్చిరి. అది ఉత్తర హిందూస్థానమునకు మన దక్కను మీదుగానే చేరెను. 1604 ప్రాంతమున అక్బరు చక్రవర్తి దూతయైన అసద్ బేగ్ బిజాపురములో పొగాకును చూచి, నగిషీ చేసిన గొట్టముతో సహా దానిని చక్రవర్తికి కానుకగా కొనిపోయెను. దర్బారులోని హకీములు అది మంచిదా, చెడ్డదా అని వాదించుకొనిరి. అక్బరు రెండు మూడు దమ్ములు పీల్చి చాలించెను. 1617లో ఆయన కుమారుడు జహంగీరు పొగాకును నిషేధించెను. అయినను అలవాటు ఆగలేదు.

దక్కనులో హుక్కా ఒక మర్యాదగా స్థిరపడెను. 1956 వరకు హైదరాబాదు రాజ్యములో నుండిన బీదరు పట్టణపు పనివారు జింకు, రాగి కలిసిన లోహముతో హుక్కా బుడ్లు పోతపోసి, వాటిపై వెండి తీగలు పొదిగి, నల్లని మెరుగు పెట్టుచుండిరి. అట్టి బిద్రీ పని హుక్కాలను నేడును సాలార్‌జంగు మ్యూజియములో చూడవచ్చును. తరువాతి కాలమున సిగరెట్టు వచ్చినది. మన చార్మినారు పేరే పెట్టుకొన్న సిగరెట్టు ఒకటి ఈ నగరములోనే తయారై దేశమంతట ప్రసిద్ధికెక్కెను.

హుక్కా త్రాగువారు ‘నీటిలో వడకట్టిన పొగ నిర్మలము’ అని నమ్మిరి. నీరు పొగను చల్లబరచును గాని నిర్మలము చేయజాలదు. చిలుములోని బొగ్గు నుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు నీటిలో కరగక నేరుగా ఊపిరితిత్తులను చేరును. పొగ చల్లగా నుండుటచే త్రాగువాడు మరింత లోతుగా, మరింతసేపు పీల్చును. నాడు నీటి పేరుతో కలిగిన భ్రమయే నేడు ఆవిరి పేరుతో కలుగుచున్నది.

ఇక అవ్వ అడిగిన ప్రశ్నకు వత్తము. పొగాకు మొక్క నికోటిన్‌ను మనకొరకు తయారుచేయుట లేదు. అది ఆ మొక్క కవచము. వేళ్లలో పుట్టి, రసముతో పైకి ఎక్కి, ఆకులలో నిలువయుండును. పురుగు ఆకును కొరికినచో ఆ వార్త మొక్కలో రసాయనరూపమున వేళ్లకు చేరి, నికోటిన్ ఉత్పత్తి మరింత పెరుగును. 1560 ప్రాంతమున పోర్చుగల్లులో ఫ్రెంచి రాయబారిగా నుండి పొగాకును తమ రాజాస్థానమునకు పంపిన జాన్ నికో అనువాని పేర దీనికి ఆ పేరు వచ్చెను. 1828లో జర్మనీ దేశపు హైడెల్‌బర్గులో పొసెల్ట్, రైమాన్ అను ఇద్దరు దీనిని ఆకు నుండి విడదీసిరి.

నరములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు కొన్ని రసాయన పదార్థములను వాడును. నికోటిన్ అట్టి పదార్థములలో ఒకదానివలె నటించి, దానికై ఏర్పడిన తాళములో దొంగ తాళపుచెవివలె దూరును. పురుగులో ఆ తాళము తెరుచుకొని మూతపడదు. నరములు ఆగక కంపించి పురుగు చచ్చును. మనిషిలోను అదే తాళము కలదు. శరీరము పెద్దది, మోతాదు చిన్నది కనుక మనిషి చావడు. మెదడులో ఒక క్షణము హాయి పుట్టును. ఆ హాయి తగ్గగానే మెదడు మరల అడుగును. ఇదియే వ్యసనము. కనుక అవ్వ మాట అక్షరాల నిజము. వంగమొక్కపై చల్లినదియు, హుక్కాలో కాలినదియు, పరికరములో ఆవిరియైనదియు ఒకే పదార్థము.

ఆ పరికరమును కూడ విప్పి చూతము. రేడియో గల గృహస్థులకు ఇది కష్టమైన పాఠము కాదు. అందులో ఒక లిథియం బ్యాటరీ, ఒక తీగచుట్ట, ఒక దూది వత్తి, కొంత ద్రవము ఉండును. తీగ నిక్రోముతో గాని, ఇనుము, క్రోమియము, అల్యూమినియము కలిసిన మిశ్రమముతో గాని చేసినది. మన ఇస్త్రీపెట్టెలో కాగు తీగకు ఇది చుట్టమే. ద్రవములో గ్లిసరిను, ప్రొపిలీన్ గ్లైకాల్, పరిమళము, నికోటిన్ ఉండును. వత్తి ద్రవమును పీల్చును, తీగ దానిని కాచును. వచ్చునది నిజమైన ఆవిరియు కాదు, సన్నని ద్రవబిందువుల మంచు. 1963లోనే హెర్బర్ట్ గిల్బర్ట్ అను అమెరికా వాసి పొగలేని సిగరెట్టు ఒకదానికి పేటెంటు కోరెను గాని అది బజారుకు రాలేదు. నేటి పరికరమును 2003లో హాన్ లిక్ అను చైనా దేశపు ఔషధశాస్త్రజ్ఞుడు రూపొందించెను.

సరదాగా తీగలు చుట్టువారికి అపాయము ఇక్కడనే పొంచియున్నది. నాలుగు వోల్టుల బ్యాటరీకి ఒక ఓము తీగ తగిలించినచో నాలుగు ఆంపియర్ల కరెంటు పారి 16 వాట్ల వేడి పుట్టును. తీగను అర ఓముకు తగ్గించినచో ఎనిమిది ఆంపియర్లు, 32 వాట్లు అగును. ఇంకను తగ్గించుకొనుచు పోయినచో బ్యాటరీ ఓర్వలేని స్థితి వచ్చును. లిథియం బ్యాటరీ అట్టి వేళ వేడెక్కి, ఉబ్బి, మండిపోవచ్చును. జేబులో తాళపుచెవులతో, చిల్లరతో కలిపి విడి బ్యాటరీని వేసికొన్నను ఇదే ముప్పు. వత్తి ఎండిపోయి తీగ అతిగా కాగినచో గ్లిసరిను విరిగి ఫార్మాల్డిహైడు, ఎక్రోలీన్ వంటి విషవాయువులు పుట్టును. రేడియో విప్పుటలో పొరపాటు జరిగినచో ధ్వని చెడును. ఇక్కడ పొరపాటు జరిగినచో ఊపిరి చెడును.

న్యాయముగా చెప్పవలెనన్న, మండు సిగరెట్టు పొగకంటె ఈ మంచులో హానికర పదార్థములు తక్కువ యని 2016లో బ్రిటన్ లోని రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ ప్రకటించినది. తక్కువ యనగా లేవని కాదు. 2019లో అమెరికాలో ఇట్టి పరికరములు వాడిన వారికి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు వ్యాపించెను. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆస్పత్రుల పాలైరి, 68 మంది మరణించిరి. గంజాయి సారము గల ద్రవములలో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ దీనికి ముఖ్యకారణమని తేలినది. సీసాలో ఏమి కలిసియున్నదో త్రాగువానికి తెలియకపోవుట ఎంత ప్రమాదమో ఇది చాటినది.

ఇంటిలో పిల్లలున్నచోట ఆ సీసాయే పెద్ద ముప్పు. మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ గల ద్రవము పది మిల్లీలీటర్ల బుడ్డిలో 200 మిల్లీగ్రాములగును. పండ్ల వాసన, మిఠాయి వాసన గల ఆ బుడ్డిని పసివాడు మందు సీసా యనియో, షర్బతు అనియో నోట పెట్టుకొనవచ్చును. 2014లో న్యూయార్కు రాష్ట్రములో ఏడాది బిడ్డ యొకడు ద్రవ నికోటిన్ మ్రింగి మరణించెను.

మన దేశమున కేంద్ర ప్రభుత్వము 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారమునను, అదే సంవత్సరము డిసెంబరులో చట్టము ద్వారమునను విద్యుత్ సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకము, నిల్వ, ప్రకటనలను నిషేధించినది. విద్యుత్ హుక్కా కూడ ఇందులో చేరును. మొదటి తప్పునకు ఏడాది వరకు జైలు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రములను నిషేధించు బిల్లును ఆమోదించినది. అయినను చాటుమాటుగా అమ్ముడుపోవు వస్తువులు కలవు. చాటున కొన్న ద్రవమునకు కొలతయు లేదు, పూచీయు లేదు.

తిరిగి తోటకు వత్తము. పొగాకు, వంగ, టమాట, మిరప, ఆలుగడ్డ ఒకే కుటుంబపు మొక్కలు. చుట్టరికముతో పాటు జబ్బులు కూడ పంచుకొనును. పొగాకు ఆకులపై పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలిగించు మొజాయిక్ తెగులు అట్టిది. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో హాలండులో బైయరింక్ దీనిని పరిశోధించిరి. లోకమున మొట్టమొదట గుర్తింపబడిన వైరస్ ఇదియే. ఇది ఆరబెట్టిన పొగాకులో కూడ ఏండ్ల తరబడి బ్రతికియుండును. బీడీ, సిగరెట్టు, జర్దా ముట్టిన చేతితో టమాట నారును నాటినచో, చిగుళ్లు గిల్లినచో, ఆ చేతి ద్వారమున మొక్కకు అంటుకొనవచ్చును. ఆకులు మచ్చలు పడి, ముడుచుకొని, కాపు తగ్గును. తెగులు సోకిన మొక్కకు మందు లేదు, పీకివేయుటయే గతి. కనుక పొగాకు అలవాటు గలవారు తోటలో చేయి పెట్టుటకు ముందు సబ్బుతో బాగుగా చేతులు కడుగవలెను. నారు నాటునపుడు వేళ్లను పాలలో ముంచుకొనుట కూడ ఈ వైరస్ వ్యాప్తిని తగ్గించును.

పొగాకు కషాయమును గూర్చి కూడ ఒక మాట. మేము కాడలను చల్లని నీటిలో నానబెట్టుట రెండవ తప్పు. అరగంట ఉడికించినచో ఈ వైరస్ నశించును, చల్లని నీటిలో నశింపదు. విషము మాత్రము రెండు విధములను నీటిలోనికి దిగును. ఇది ఆకులతో చేసినదే గదా, ప్రకృతి సిద్ధమైనదే గదా, హాని లేదనుకొనుట పొరపాటు. ఇదే నికోటిన్‌తో తయారగు నికోటిన్ సల్ఫేట్ అను పురుగుమందు వాడకము మన దేశమున నిషేధింపబడినది. నేడు చల్లి రేపు కోసి తిను తోటకూరకు, పుదీనకు, కొత్తిమీరకు ఇట్టి కషాయము ఎంతమాత్రమును తగదు.

దీనికి బదులు మన చెంతనే వేపచెట్టు కలదు. పేరులో ‘వేప్’కు దగ్గర, గుణములో మిక్కిలి దూరము. ఎండిన వేపగింజల పప్పు 50 గ్రాములు మెత్తగా దంచి, పలుచని గుడ్డలో మూటగట్టి, ఒక లీటరు నీటిలో రాత్రంతయు నానబెట్టవలెను. ఉదయము మూటను పిండి, నీటిని వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి, ఎండ తగ్గిన పిమ్మట ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లవలెను. ఏనాటికి కావలసినది ఆనాడే చేసికొనవలెను, నిలువయుంచినచో సత్తువ తగ్గును. వేపలోని అజాడిరక్టిన్ పురుగులను వెంటనే చంపదు. వాటి ఆకలిని, ఎదుగుదలను అణచును. కనుక వారము, పదిదినములకొకసారి ఓపికతో చల్లవలసియుండును. పేనుబంక కొద్దిగా నున్నపుడు నీటిధారతో కొట్టి రాల్చుటయే చాలును. అక్షింతల పురుగులు కనబడినచో వాటిని చంపరాదు. అవి పేనుబంకను తిని బ్రతుకు మన స్నేహితులు.

మా యంత్రకారుడగు మిత్రుని సంగతి చెప్పి ముగింతుము. 2019 పిమ్మట ద్రవము దొరకక, ఆయన మరల కొన్నాళ్లు సిగరెట్టు పట్టిరి. ఇది చాలమందికి జరుగునదే, ఇందులో దాచవలసిన సిగ్గు లేదు. ఇంటివారి ప్రోద్బలముతో ఆయన 1800-11-2356 అను జాతీయ పొగాకు విముక్తి టెలిఫోనుకు మాటలాడిరి. ఆ సలహాకు రుసుము లేదు. రెండుమార్లు తప్పి, మూడవమారు నిలిచిరి. చేతులు ఊరకుండక ఏదో విప్పవలెనని తహతహలాడు మొదటి నెలలో ఆయన ఒక పాత కూలరు పంపును, ఒక గడియారపు స్విచ్చిని, సన్నని గొట్టములను కలిపి, ఉదయము అయిదు గంటలకు మా తొట్లన్నిటికి బొట్టుబొట్టుగా నీరు తనంతట తానే పోయు యంత్రమును అమర్చిరి. వేసవిలో ఊరికి పోయి వచ్చినను మా టమాటలు వాడలేదు.

విప్పి చూచు బుద్ధి మంచిది. దానిని దేనిమీద పెట్టుచున్నామో చూచుకొనవలెను. మీ ఇంటిలో పొగాకు కషాయము సీసా గాని, నికోటిన్ ద్రవము గాని ఉన్నచో నేడే పిల్లలకు అందకుండ తీసివేయుడు. పాత లిథియం బ్యాటరీలను చెత్తలో వేయక, విద్యుత్ వ్యర్థములు సేకరించువారికి ఇండు. తోటలోనికి పోవునపుడు చేతులు కడుగుకొనుడు. అవ్వ ఈ యేడు కూడ వేపపండ్లు ఏరి, గింజలు నీడలో ఆరబోసినది. ఈ సాయంకాలము మిద్దెపై రోలు చప్పుడు వినిపించుచున్నది. దంచుచున్నది మా మిత్రుడే.